నేలపట్టు, పులికాట్ పరిసరాల్లో క్యాంపర్ వ్యానుతో రాత్రి బస: ఎక్కడ ఆపాలి, ఏమేం చూసుకోవాలి?

పెన్నాతీరం (నెల్లూరు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలి కుటుంబం హ్యూస్టన్‌లో స్థిరపడింది. శీతకాలం వచ్చిందంటే వాళ్లు పడకలు, పొయ్యి, మరుగుదొడ్డి ఉండే ఆర్‌వీ అనే బండిని అద్దెకు తీసుకుని, టెక్సస్, లూసియానా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కాడో సరస్సుకో, అక్కడ బయూలని పిలిచే నిదానపు నీటిపాయల పక్కన ఉన్న అడవులకో వెళ్లి, రెండు మూడు రాత్రులు బండిలోనే పడుకుని వస్తుంటారు. ఈ సంక్రాంతికి వాళ్లు నెల్లూరు వస్తున్నారు. నీళ్లలో నిలబడిన చెట్లూ, వాటి మీద పక్షులూ మన వైపు కూడా ఉంటాయా అని మా మేనకోడలు ఫోన్లో అడిగినప్పటి నుంచి, బెంగళూరులోనో చెన్నైలోనో ఒక క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుని పిల్లల్ని పక్షుల చెరువున్న నేలపట్టుకూ, పులికాట్ సరస్సుకూ తీసుకెళ్లాలని ఆలోచిస్తున్నాను.

నేలపట్టు చెరువు దగ్గరో, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పక్కనో రాత్రంతా వ్యాను ఆపుకోవచ్చా, అందుకు ఎవరి అనుమతి కావాలి, వ్యానులోని మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడ పారబోయాలి అన్నవి నాకున్న ముఖ్యమైన సందేహాలు. మా అమ్మకు డెబ్భై ఏళ్లు దాటాయి, ఆమె కూడా మాతో వస్తానంటున్నారు కాబట్టి మరుగుదొడ్డి విషయం తప్పనిసరిగా తేల్చుకోవాలి. ఆ ప్రాంతం బాగా తెలిసినవాళ్లు, ఇలాంటి బండ్లలో తిరిగినవాళ్లు దయచేసి వివరంగా రాయగలరు.

సత్రం రైతు (దొరవారిసత్రం మండలం) సమాధానం:

పెన్నాతీరం గారికి నమస్కారం. మీ మేనకోడలు అడిగిన అడవి మా నేలపట్టులోనే ఉంది. ఇక్కడి చెరువులో పెరిగే కడప చెట్లు ఏడాదిలో ఐదు నుంచి ఏడు నెలల పాటు నీళ్లలోనే నిలబడి బతుకుతాయి. గూడబాతులు (పెలికాన్లు) సరిగ్గా ఆ చెట్ల మీదే గూళ్లు కడతాయి. చెరువు గట్టు దాటితే పాల చెట్లు, రేగు పొదలు కలిసిన మెట్ట అడవి మొదలవుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండగానే పక్షులు రావడం మొదలై, మార్చి దాకా ఉంటాయి. గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా ఇక్కడే పిల్లల్ని చేస్తాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువు కాబట్టి ఆయకట్టు రైతులకు ఆ పక్షులంటే ప్రత్యేకమైన అభిమానం.

రాత్రి బస విషయానికి వస్తే, చెరువు దగ్గర వ్యాను ఆపే ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను. నేలపట్టు 1976 నుంచి పక్షుల అభయారణ్యం, విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. పులికాట్‌ను కూడా అదే సంవత్సరం అభయారణ్యంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించకూడదు, ఉండకూడదు. చూడడానికి, ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవారికి అనుమతి ఇచ్చే అధికారాన్ని 28వ సెక్షన్ కల్పిస్తుంది. పగటిపూట గేటు దగ్గర టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లడం ఆ అనుమతి కిందికే వస్తుంది గానీ, అది రాత్రి నిద్రకు చెల్లదు. 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది కాబట్టి చలిమంట వేసుకోవాలన్న సరదా కూడా అక్కడ కుదరదు.

చట్టం సంగతి అలా ఉంచినా, జనవరిలో అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే మీకే ఆపాలనిపించదు. గూడబాతు సుమారు నెల రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ సమయంలో దగ్గరలో జనరేటరు మోగినా, హెడ్‌లైట్లు చెట్ల మీద పడినా పక్షులు ఒక్కసారిగా లేచిపోతాయి. పగలైతే ఆ కాస్త వ్యవధిలోనే కాకులూ గద్దలూ గుడ్లను ఎత్తుకుపోతాయి, ఈకలైనా మొలవని పిల్లలు ఎండకు వాడిపోతాయి. రాత్రైతే చీకట్లో ఎగిరిన పెద్ద పక్షి తిరిగి తన కొమ్మ మీద సరిగ్గా వాలలేదు. గూళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒక గూటి దగ్గర కలిగిన బెదురు చెట్టంతటికీ పాకుతుంది.

శ్రీహరికోట రోడ్డు సంగతి వేరు. అది సరస్సు మధ్యగా సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లే దారి. ఇరువైపులా నీళ్లు అభయారణ్యమే, పైగా భద్రత కట్టుదిట్టంగా ఉండే ప్రాంతం కాబట్టి రాత్రి ఆగిన బండిని ఎవరూ ఊరికే వదలరు. పగలు అటకానితిప్ప దగ్గర అటవీశాఖ కేంద్రంలో ఆగి, ఫ్లెమింగోలను అక్కడి నుంచే తీరిగ్గా చూడవచ్చు. రోడ్డు దిగి సరస్సులోకి మాత్రం బండిని పోనివ్వకండి. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుక మేటలతో పూడుకుపోతుండడం వల్ల ఉత్తర భాగంలో నీళ్లు త్వరగా తగ్గి, పైన తెల్లటి ఉప్పు పొర ఎండిన నేలలాగా కనిపిస్తుంది. దాని కింద మోకాలి లోతు నల్లటి అడుసు ఉంటుంది. ఎద్దుల బండే దిగబడే చోట మీ వ్యాను సంగతి చెప్పనక్కర్లేదు.

మరి ఎక్కడ ఆపాలి అంటే, నా సలహా కల్యాణ మండపం. సంక్రాంతికి ముందు నెల రోజులు ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి నాయుడుపేట, సూళ్లూరుపేటల్లో హైవే పక్కన ఉన్న మండపాలు ఆ రోజుల్లో ఖాళీగా ఉంటాయి. ప్రహరీ, గేటు, వాచ్‌మన్, బోరు నీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. యజమానితో ముందుగా మాట్లాడుకుని కొద్దిపాటి అద్దె ఇస్తే సంతోషంగా ఒప్పుకుంటారు. తెల్లవారుజామున అక్కడి నుంచి బయలుదేరితే నేలపట్టుకు పొద్దు పొడిచే వేళకు చేరవచ్చు. మరొక్క మాట, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో మా మండలం, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి ఈ అనుమతుల కోసం నెల్లూరు కలెక్టరాఫీసు చుట్టూ తిరగకుండా నేరుగా సూళ్లూరుపేటలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయంలో అడగండి.

కావలి నుంచి హ్యూస్టన్ సమాధానం:

సత్రం రైతు గారు రాసినదానికి అక్కడి అనుభవం కొంత జోడిస్తాను. మీ చెల్లెలి పిల్లలు చూసిన అడవికీ, మన కడప చెట్ల అడవికీ పోలిక నిజంగానే ఉంది. కాడో సరస్సులోనూ, లూసియానాలోని అచాఫలాయా చిత్తడి అడవిలోనూ బాల్డ్ సైప్రస్ అనే చెట్లు నీళ్లలో నిలబడి ఉంటాయి. మొదలు దగ్గర లావుగా ఉబ్బి, చుట్టూ వేళ్ల నుంచి మోకాళ్ల లాంటి మొద్దులు నీటి పైకి లేస్తాయి. కొమ్మల నుంచి స్పానిష్ మాస్ అనే బూడిదరంగు మొక్క జడలు జడలుగా వేలాడుతుంది. కాడో సరస్సు 1993 నుంచి, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సార్ జాబితాలో ఉంది. అచాఫలాయా అయితే ఆ దేశంలోకెల్లా పెద్ద నదీ చిత్తడి. దాని మీదుగా జాతీయ రహదారి వంతెన సుమారు 29 కిలోమీటర్ల పొడవున సాగుతుంది.

అయితే అక్కడ బండి నీళ్ల పక్కనే ఆపినట్టు ఫొటోల్లో కనిపించినా, నిజానికి ఎవరూ ఇష్టం వచ్చిన చోట ఆపరు. స్టేట్ పార్కులో నీటికి ఎగువన, గట్టి నేల మీద ఒక్కో బండికి ఒక్కో అరుగు ముందే కట్టి ఉంటుంది. దాని పక్కన 30 ఆంపియర్ల లేదా 50 ఆంపియర్ల కరెంటు పెట్టె, మంచినీళ్ల కొళాయి, మంట వేసుకోవడానికి ఇనుప చట్రం ఉంటాయి. బండి కింద రెండు ట్యాంకులుంటాయి. స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లు ఒకదానిలోకి, మరుగుదొడ్డి నీళ్లు రెండో దానిలోకి పోతాయి. వెళ్లేటప్పుడు పార్కులోనే ఉన్న పారబోత కేంద్రం దగ్గర ఆగి, గొట్టం బిగించి, ముందు మురికి ట్యాంకు, తర్వాత సబ్బు నీళ్ల ట్యాంకు ఖాళీ చేస్తారు. ఆ వరస తప్పనిసరి, ఎందుకంటే రెండోసారి వచ్చే సబ్బు నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. పారబోత కేంద్రం కాని చోట చుక్క వదిలినా జరిమానా పడుతుంది.

మొసళ్ల కోసం, అంటే అక్కడి ఆలిగేటర్ల కోసం, కనీసం 30 అడుగులు, మన లెక్కలో 9 మీటర్ల దూరం పాటించమని టెక్సస్ పార్కుల శాఖ చెబుతుంది. వాటికి తిండి వేయడం నేరం. మీ మేనకోడలికి ఈ క్రమశిక్షణ అలవాటే కాబట్టి, నేలపట్టులో నిశ్శబ్దంగా నిలబడమంటే పిల్లలు ఇబ్బంది పడతారని మీరు అనుకోనక్కర్లేదు. అక్కడ చట్టానికి తోడు ఏర్పాటు కూడా సిద్ధంగా ఉంటుంది కాబట్టి జనానికి అది కట్టడిలా అనిపించదు. మన దగ్గర చట్టం ఉంది, బండ్ల కోసం ఏర్పాటు ఇంకా లేదు. ఆ ఏర్పాటునంతా మనమే మన బండిలో మోసుకెళ్లాలి. అందుకే కల్యాణ మండపం సలహా నాకు బాగా నచ్చింది.

కాలం విషయంలో కూడా ఒక మాట. మెక్సికో సింధుశాఖ తీరంలో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా లెక్క. మనకు నవంబరు, డిసెంబరు తుపానుల నెలలు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు మార్గమూ జాతీయ రహదారీ దెబ్బతినడం, 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని ముంచెత్తడం మీకు గుర్తుండే ఉంటుంది. సంక్రాంతి సమయం కాబట్టి మీకు ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

పెన్నాతీరం:

ఇద్దరికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు. చెరువు పక్కన ఆపకూడదని అర్థమైంది, ఆ ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు నాకు మిగిలినవి బండి ఎంపిక, మరుగుదొడ్డి ఏర్పాటు. మైపాడు వైపు ఉప్పుటేరు పక్కన మడ చెట్లున్న చోట ఒక రాత్రి ఉండడం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

ఇనుప చక్రం (ఒంగోలు) సమాధానం:

బండ్ల పని నా వృత్తి కాబట్టి ఆ భాగం వరకు రాస్తాను. ముందుగా కాగితాలు చూసుకోండి. సొంత వ్యానుకు లోపల మంచాలు, గ్యాసు పొయ్యి బిగించి అద్దెకు తిప్పేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడం నేరం. క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. రిజిస్ట్రేషన్ పుస్తకంలో బండి రకం క్యారవాన్ అని ఉందో లేదో చూసి తీసుకోండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీతో చిక్కు వస్తుంది. మీరే నడిపే అద్దె బండి అయితే నంబరు ప్లేటు నల్లగా, అంకెలు పసుపుగా ఉండాలి. డ్రైవరుతో వచ్చే బయటి రాష్ట్రం బండి అయితే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ అడగండి. 7,500 కిలోల లోపు బండి కాబట్టి మీ మామూలు కారు లైసెన్సు సరిపోతుంది, సుప్రీంకోర్టు కూడా 2024 నవంబరులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

మెత్తని నేల పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఇలాంటి వ్యాను నిండుగా ఉంటే మూడున్నర టన్నులు దాటుతుంది. ఆపాలనుకున్న చోట దిగి మడమతో గట్టిగా తొక్కండి. మడమ గుంటలో నీళ్లు ఊరితే అక్కడ బండి పెట్టకండి. ఊరకపోతే గడ్డపారను ఊరికే నిలబెట్టి వదలండి. దాని బరువుకే జానెడు దిగితే అదీ వద్దు. రాత్రి మంచుకు రేగడి పై పొర మెత్తబడుతుంది కాబట్టి సాయంత్రం గట్టిగా అనిపించిన నేల తెల్లవారేసరికి చక్రాన్ని పట్టేస్తుంది. ముందు చక్రాలు కంకర మీద ఉండేలా, బయటికి వెళ్లే వైపుకు తిప్పి ఆపుకోవాలి. చెరువు కట్టల మీద అసలు ఎక్కించవద్దు. బండి ఎత్తు సుమారు మూడు మీటర్లు ఉంటుంది కాబట్టి ఊళ్లలో వేలాడే కరెంటు తీగలు, రైలు మార్గం కింది వంతెనలు ముందుగా ఒకరు దిగి చూడాలి.

కరెంటు లెక్క కూడా చెబుతాను. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 2.4 యూనిట్లు. చిన్న ఏసీ గంటకు ఒక యూనిట్ తాగుతుంది కాబట్టి రెండు గంటలకే బ్యాటరీ ఖాళీ అవుతుంది. జనవరి రాత్రుల్లో మన వైపు ఏసీ అవసరం ఉండదు, దోమల జాలీ ఉన్న కిటికీలూ ఒక డీసీ ఫ్యానూ చాలు. మండపంలో ఉంటే 16 ఆంపియర్ల ప్లగ్గుకు వైరు లాగి ఛార్జింగ్ పెట్టుకోండి. గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి కారితే బండి నేల మీదే పేరుకుంటుంది. వంట బయట చేసుకుని, పడుకునే ముందు సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి.

మీ అమ్మగారి కోసం క్యాసెట్ టాయిలెట్ ఉన్న బండినే అడగండి. సుమారు 20 లీటర్లు పట్టే పెట్టె బయటికి లాగడానికి వీలుగా ఉంటుంది, దాన్ని మండపంలోని మరుగుదొడ్డిలో వంచి కడిగితే అది సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. అందులో పోసే ద్రవం ఫార్మల్డిహైడ్ రకం కాకుండా ఎంజైమ్ రకం ఉండాలి, లేకపోతే సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గిన్నెలు కడిగిన నీళ్లను క్యానులో పట్టుకుని అదే చోట పారబోయండి. సబ్బు నీళ్లు చెరువులోకో కాలువలోకో వదలవద్దు.

ఉప్పుటేటి గట్టు (ఇందుకూరుపేట మండలం) సమాధానం:

పెన్నాతీరం గారికి. మైపాడులో పర్యాటక శాఖ రిసార్టు ఉంది కాబట్టి అక్కడి ఆవరణలో వ్యాను పెట్టుకోనిస్తారేమో ముందుగా ఫోన్ చేసి అడగండి. ఉప్పుటేరు పక్కన మడ చెట్ల దగ్గర మాత్రం ఆపవద్దు. పోటు వచ్చినప్పుడు నీళ్లు గట్టు మీదికి ఎక్కడం ఒక కారణం. ఆ నేల మీద బండి తిరిగితే మడ మొక్కల శ్వాస వేళ్లు విరిగిపోతాయి, అది ఇంకా పెద్ద కారణం. బురదలోంచి పెన్సిళ్ల లాగా పైకి లేచి కనిపించే ఆ వేళ్లతోనే చెట్టు గాలి పీల్చుకుంటుంది.

రొయ్యల గుంటల మధ్య ఖాళీ స్థలం ఇస్తామని ఎవరైనా అన్నా జాగ్రత్తగా ఆలోచించండి. గుంటల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, మీ అమ్మగారికి నిద్ర పట్టదు. గట్లు కూడా బరువుకు ఆగవు. దానికంటే కాస్త లోపలికి, ఇసుక నేలల్లో తోటలున్న రైతుల దగ్గర అడగడం మేలు. మీ పిల్లలకు అక్కడ దొరువు చూపించండి. సముద్రం అంత దగ్గరలో ఉన్నా, ఇసుకలో నిలువెత్తు లోతు తవ్విన గుంటలో తియ్యటి నీళ్లు ఊరుతుంటాయి. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, ఉప్పు నీటి మీద తేలికగా నిలవడమే అందుకు కారణం. అందుకే అందులో సబ్బు, నూనె పడకుండా మా వాళ్లు కంటికి రెప్పలా చూసుకుంటారు.

పాముల విషయం ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. మా వైపు రక్తపింజర, కట్లపాము, తాచు మూడూ ఉన్నాయి. చీకటి పడ్డాక టార్చిలైటు లేకుండా ఎవరినీ బండి దిగనివ్వకండి, చెప్పులు బయట వదిలితే ఉదయం దులిపి వేసుకోండి, తలుపు తెరిచి ఉంచి నేల మీద పరుపు వేసుకోకండి. కట్లపాము రాత్రిపూట పక్కలోకే వస్తుంది, కరిచినా నొప్పి పెద్దగా తెలియదు. విషానికి విరుగుడు మందు ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉందో బస చేసే చోట ముందే కనుక్కుని, ఆ దారి అందరికీ చెప్పి ఉంచండి.

పెన్నాతీరం:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా చెల్లెలితో మాట్లాడి ఇలా అనుకున్నాము. పండుగకు ముందే, ధనుర్మాసంలోనే బయలుదేరి, నాయుడుపేట దగ్గర ఒక మండపంలో రెండు రాత్రులు ఉంటాము. మొదటి ఉదయం నేలపట్టు, రెండో రోజు అటకానితిప్ప, తర్వాత తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ ప్రయాణం. క్యాసెట్ టాయిలెట్, క్యారవాన్ రిజిస్ట్రేషన్ రెండూ ఉన్న బండి చెన్నైలో దొరికింది. సత్రం రైతు గారూ, నేలపట్టులో అమ్మ ఎక్కువ దూరం నడవలేరు. వాచ్ టవర్ ఎక్కకుండా కింద నుంచే గూళ్లు కనిపిస్తాయా? పక్షుల కోసం ఆ ప్రాంతంలో జరిపే ఫ్లెమింగో పండుగ రోజుల్లో వస్తే మేలా?

సత్రం రైతు:

కనిపిస్తాయండీ. చెరువు కట్ట మీద నడిచే బాట చదునుగానే ఉంటుంది, దగ్గరి కడప చెట్ల మీది గూళ్లు కట్ట నుంచే బాగా కనిపిస్తాయి. అమ్మగారికి ఒక మడత కుర్చీ తెచ్చుకోండి. ఫ్లెమింగో పండుగకు జనం విపరీతంగా వస్తారు, 2025లో జనవరి 18 నుంచి 20 దాకా జరిగినప్పుడు రోడ్లన్నీ బస్సులతో నిండిపోయాయి. పెద్ద వ్యానుతో, పెద్దావిడతో వచ్చే మీకు అంతకు ముందు వారమే అనుకూలం.

ఉదయం ఒక్కటే కాకుండా సాయంత్రం కూడా కట్ట మీద ఉండేలా చూసుకోండి. గూడబాతులు పగలంతా పులికాట్‌లో చేపలు పట్టుకుని, పొద్దు వాలే వేళకు వరసలుగా తిరిగి వస్తాయి. తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలను మెడ దాకా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపను తీసుకుంటుంది. అది చూడాలంటే మంచి బైనాక్యులర్ ఒకటి తప్పనిసరి. గేటు మూసే సమయం టికెట్టు తీసుకునేటప్పుడే అడిగి, అంతకు పావుగంట ముందే బయటికి వచ్చేయండి. వ్యానును గేటు బయట పార్కింగ్‌లోనే పెట్టి, ఇంజను ఆపేసి, పిల్లలకు తెలుపూ ఎరుపూ కాకుండా మట్టి రంగు బట్టలు వేసి తీసుకురండి.